రిజల్ట్ వచ్చినకాడ్నించి ప్రార్థన మీద మనసు నిలవడంలా... మీకూ ఇట్టానే ఉందా?

కందుకూరు_కుర్రోడు
జూన్ 6, 2024, రాత్రి 10:42

అందరికీ వందనాలు. ఎట్టా మొదలుపెట్టాలో తెలీడంలా, తిట్టకుండా చదవండి. మా సంఘంలో యవ్వనస్తుల కూడిక నేనే చూసుకుంటా, ఆదివారం కీబోర్డు కూడా నాదే. అసెంబ్లీ ఎన్నికల రిజల్ట్ చూసినకాడ్నించి బైబులు తీస్తే అక్షరాలు కనపడతా ఉన్నాయి గానీ లోపలికేం పోవడంలా. వైసీపీ వాళ్ళు ఓడిపోయారు, సరే, ఎన్నికలన్నాక ఎవురో ఒకరు ఓడాల్సిందే, దానికే అయితే రెండ్రోజులు ఏడ్చి ఊరుకునేవాణ్ణి. 2019లో వాళ్ళకి 151 సీట్లు వచ్చినప్పుడు మా మందిరంలో కృతజ్ఞత కూడిక పెట్టారు, దేవుడే నిలబెట్టాడు, రాజులను త్రోసేసేదీ నియమించేదీ ఆయనే అని దానియేలు 2:21 తీసి వాక్యం కూడా చెప్పారు, అందరం ఆమెన్ అన్నాం. ఈసారి పోలింగుకి ముందు వరసబెట్టి ఉపవాస ప్రార్థనలు. వచ్చింది 11. మరి అప్పుడు చేసింది దేవుడైతే ఇప్పుడు చేసిందెవరు? ఇదే మాట అడిగితే పెద్దాయన ఒకాయన సైతాను పని అన్నాడు. అంటే అటు ఏసినోళ్ళంతా సైతాను మనుషులా? మా మేనమామ కూడా అటే ఏశాడు, ఆయన ప్రతి ఆదివారం నాకు ముందు బెంచీలోనే కూర్చుంటాడు. 9న ఆరాధనలో ఏ పాట ఎత్తుకోవాలో కూడా తోచడంలా. ఎవురికైనా ఇట్టా ఉందా? ఏం చేస్తుండారు?

కృప_చాలు
జూన్ 6, రాత్రి 10:51

ప్రైజ్ ది లార్డ్ తమ్ముడూ. అంతా మన మేలుకే. రోమా 8:28. దిగులు పడబాక.

టంగుటూరు_టీచరమ్మ
జూన్ 6, రాత్రి 11:15

కృప తమ్ముడూ ఏమనుకోబాక, ఆ వచనం మంచిదే గానీ బాధపడేవోడి నోట్లో గుడ్డ కుక్కడానికి కాదు అది. కీర్తనల్లో ఎన్ని మొరలు ఉండాయో చూడు, 13వ కీర్తన మొదలే ‘ఎన్నాళ్ళవరకు’ అని అడుగుతాడు దావీదు. దేవుడు ఆయన్ని గద్దించి కూర్చోబెట్టలా. కందుకూరు అబ్బాయ్, నీ ప్రశ్న మంచిది. రేపు తీరిగ్గా రాస్తా, ఇయ్యాల కరెంటు పోతా వస్తా ఉంది.

కోవూరు_వరిచేను
జూన్ 7, ఉదయం 6:08

నేను సూటిగా చెప్తా. నేను క్రైస్తవుణ్ణి, మూడు తరాల బాప్టిస్టు కుటుంబం, నేను టీడీపీ కూటమికే ఏశా. ఎందుకేశానో మీకు సంజాయిషీ చెప్పాల్సిన పని లేదు, మా కాలవలు మా ధాన్యం బాకీలు మాకుండాయి. కానీ అయిదేళ్ళు మా చర్చిలో నన్ను చూసే చూపు ఎట్టా ఉన్నిందో నాకు తెలుసు. ప్రార్థన మనవుల్లో ‘మనోళ్ళు గెలవాలి’ అని చెప్పేవాళ్ళు, ఆ మనోళ్ళల్లో నేను ఉండానా లేనా? క్రైస్తవుడంటే ఒక్క పార్టీనే అని ఏ సువార్తలో రాసుంది? ఇప్పుడు బాధ బాధ అంటుండారే, ఆ బాధ కొంచెం ముందే ఇంకోడి గురించి పడుంటే బాగుండేది.

చీమకుర్తి_రాయి
జూన్ 7, ఉదయం 6:30

గెలిచారు గదా అన్నా, ఇంక దెప్పడం కూడా ఎందుకు. మా కాలనీ ముందు రాత్రి రెండు దాకా డీజే పెట్టి టపాకాయలు కాల్చారు, చర్చి గేటు ముందే, కావాలనే. అది కూడా రాయండి.

కోవూరు_వరిచేను
జూన్ 7, ఉదయం 6:34

అది తప్పే, ఎవరు చేసినా తప్పే. 2019లో మా ఇంటి ముందు కాల్చినప్పుడు కూడా తప్పే 🙂

వేదిక_పెద్ద (నిర్వాహకుడు)
జూన్ 7, ఉదయం 7:20

అన్నలూ అక్కలూ, ఈ చర్చ ఉంచుతున్నా, మంచి ప్రశ్న కాబట్టి. కానీ నాయకుల్ని తిట్టడం, కులం పేరు ఎత్తడం, ‘నువ్వు ఎటేశావు’ అని నిలదీయడం కనబడితే తీసేస్తా. ఓటు రహస్యం, చెప్పాలనుకున్నోళ్ళు చెప్పుకోండి, అడగబాకండి.

టంగుటూరు_టీచరమ్మ
జూన్ 7, ఉదయం 11:02

ఇప్పుడు తీరింది. కొంచెం పెద్దదిగానే రాస్తున్నా, ఓపిక ఉన్నోళ్ళు చదవండి.

ముందు లెక్క చూడండి. ఉమ్మడి నెల్లూరు జిల్లాలో 10 సీట్లు. 2019లో పదికి పది ఒక పార్టీకి. 2024లో పదికి పది అవతల పార్టీకి. మన ప్రకాశంలోనూ 2024లో దర్శి, ఎర్రగొండపాలెం తప్ప అన్నీ అవతలోళ్ళకే పోయినాయి. ఇప్పుడు ప్రతి సీటునీ దేవుడి మార్కుల కాయితం లాగా చదివితే ఏమవుద్ది? 2019లో నెల్లూరు జిల్లా మొత్తం భక్తిలో ఉండి 2024కల్లా మొత్తం భ్రష్టు పట్టిందనాలి. అవే ఊళ్ళు, అవే ఇళ్ళు, అదే జనం. ఎవురన్నా ఒప్పుకుంటారా? కాబట్టి దానియేలు 2:21 ఓడిపోయిందెక్కడా లేదు. ఆ మాట దానియేలు ఎక్కడుండి అన్నాడో అది చూడాలి. బబులోనులో చెరలో ఉండి, నెబుకద్నెజరు కొలువులో ఉండి అన్నాడు. వాళ్ళ సొంత రాజు గెలిచిన రోజున అన్న మాట కాదు. మనం ఆ వచనాన్ని గెలిచిన రోజు బయటికి తీస్తాం, ఓడిన రోజు బీరువాలో పెట్టి తాళం ఏస్తాం.

ఇంకోటి. మొదటి సమూయేలు 8వ అధ్యాయం. జనాలు మాకూ రాజు కావాలి, అందరికీ ఉన్నట్టు మాకూ కావాలి అన్నారు. సమూయేలు ఏం చెప్పాడు, వాడు మీ కొడుకుల్ని తీసుకుంటాడు, పొలాలు తీసుకుంటాడు, పంటలో పదో వంతు తీసుకుంటాడు అని వరసగా చెప్పాడు. అయినా కావాల్సిందే అన్నారు, దేవుడు కూడా సరే ఇయ్యి అన్నాడు. సౌలుని ఏర్పాటు చేసిందీ దేవుడే, తోసేసిందీ దేవుడే. మరి దేవుడు సౌలుని తోసేసినాక సమూయేలు ఏం చేస్తుండాడు? కూర్చుని ఏడుస్తుండాడు. 16:1 తీసి చూడండి, ఎంతకాలం సౌలు గురించి దుఃఖపడతావు, కొమ్ముని నూనెతో నింపుకుని పద అంటాడు దేవుడు. నాకు ఆ వచనంలో నచ్చేది ఏందంటే ఏడవడం పాపం అని ఎక్కడా అనలా. ఎంతకాలం అని మాత్రమే అడిగాడు. ఏడుపుకీ ఒక హద్దు ఉండాది, ఆ తర్వాత చేతిలో పని ఉండాది.

కందుకూరు అబ్బాయ్, మీ పెద్దాయన సైతాను పని అన్నాడే, ఆయన్ని ఒక్క మాటడుగు. మీ మేనమామకి 9న ప్రభు బల్లలో రొట్టె ఇస్తాడా ఇయ్యడా అని. ఇస్తానంటే ఆ మాట వెనక్కి తీసుకోవాల. ఇయ్యనంటే మీ సంఘంలో ఎన్నికల కన్నా పెద్ద రోగం ఉన్నట్టు.

కృప_చాలు
జూన్ 7, ఉదయం 11:40

టీచరమ్మగారూ మీరు చెప్పింది బాగుంది. నేను రాత్రి తొందరపడి వచనం ఏసినట్టున్నా, ఏమనుకోబాక తమ్ముడూ.

పొదిలి_నర్సమ్మ
జూన్ 7, మధ్యాహ్నం 1:25

డ్యూటీ మధ్యలో చదివా. అందరూ బాగా చెప్తుండారు గానీ నాకు ఒకటి గొంతులో అడ్డం పడతా ఉంది. ‘రాజకీయాలు లోకసంబంధం, మనకి పరలోక పౌరసత్వం’ అని రేపు ఆదివారం చానా చర్చిల్లో వినపడబోతాది, నాకు తెలుసు. ఓడినప్పుడు మాత్రం ఈ మాట గుర్తొస్తది. ఇది కడుపు నిండినోళ్ళ మాట. మా అవ్వకి పింఛను 3000 నుంచి 4000 చేసి జూలై ఒకటిన పాతది కలిపి 7000 ఇస్తామన్నారు, ఆమెకి ఎన్నికంటే అదే. ఆమె లోకసంబంధి అయిపోద్దా?

ఇంకా అసలు సంగతి. మనలో సగం మంది కులం సర్టిఫికెట్ గొడవ అనుభవించినోళ్ళమే. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా వల్ల క్రైస్తవుడైన దళితుడికి ఎస్సీ హోదా లేదు. 1956లో సిక్కులకి ఇచ్చారు, 1990లో బౌద్ధులకి ఇచ్చారు, మనకి బీసీ-సీ లో ఒక్క శాతం రిజర్వేషన్. అందుకే ఇంట్లో ఒక పేరు, బడి రిజిస్టరులో ఒక పేరు. ఇది మార్చాలంటే ఓటు కాకుండా ఇంకేముంది మన చేతిలో? పౌలు ఫిలిప్పీలో దెబ్బలు తిన్నాక ఊరుకున్నాడా, మేం రోమా పౌరులం, అధికారులే వచ్చి మమ్మల్ని బయటికి తీసుకపోవాల అన్నాడు. కైసరు దగ్గిరే చెప్పుకుంటానని పైకి అప్పీలు కూడా ఏశాడు. పౌరసత్వం వాడుకోవడం అవిశ్వాసం అయితే పౌలే ముందు అవిశ్వాసి.

కాబట్టి నేను బాధపడతా, మళ్ళీ ఓటు ఏస్తా, నన్ను లోకం అనబాకండి.

దర్గామిట్ట_అడ్వకేట్
జూన్ 7, సాయంత్రం 5:50

నర్సమ్మ చెల్లెలు చెప్పింది అక్షరాలా నిజం. దానికి ఒకటి కలుపుతా. ఎస్సీ హోదా కోసం మన అసెంబ్లీలో 2019 ఫిబ్రవరిలో ఒక ప్రభుత్వం తీర్మానం చేసింది. 2023 మార్చిలో ఇంకో ప్రభుత్వం తీర్మానం చేసింది. అవి ఏ పార్టీలో మీకందరికీ తెలుసు, ఒకటి ఇప్పుడు గెలిచింది, ఒకటి ఓడింది. ఇద్దరూ ఒకటే మాట రాసి ఢిల్లీకి పంపారు, ఫైలు ఢిల్లీలోనే ఉంది. అంటే ఈ విషయంలో మన ఊళ్ళల్లో ఎవురు గెలిచారనే దాని మీద మనం పెట్టుకున్న ఆశా, మన భయమూ రెండూ ఉండాల్సిన దానికన్నా ఎక్కువే.

ఇంకోటి, చాలామంది అయ్యగార్లకి, అదే పాస్టర్లకి, తెలీదు. 1988లో మత సంస్థల దుర్వినియోగ నివారణ చట్టం అని ఒకటొచ్చింది. గుడి గానీ మసీదు గానీ చర్చి గానీ, ఆ ఆవరణని రాజకీయ పార్టీ పనికి వాడకూడదు, జైలు శిక్ష దాకా ఉంది. ప్రజాప్రాతినిధ్య చట్టం 123(3) ప్రకారం మతం పేరుతో ఓటు అడగడం అవినీతి చర్య, 2017 జనవరిలో సుప్రీంకోర్టు ఏడుగురు జడ్జీల బెంచి దాన్ని ఇంకా గట్టిగా చెప్పింది, ఓటరు మతం పేరు చెప్పి అడిగినా కుదరదని. నాకు నవ్వొచ్చేది ఏందంటే పుల్పిట్ మీద నుంచి ఓటు అడిగినోళ్ళని చట్టం ఆపలా, ఓటర్లే ఆపారు.

కావలి_కెరటం
జూన్ 7, రాత్రి 8:12

అసలు ఎవురూ మాట్లాడని సంగతి నేను మాట్లాడతా. ప్రవచనాలు!! యూట్యూబు తెరిస్తే చాలు ‘ప్రభువు నాకు చూపించాడు’ అని ఒకాయన, ‘సింహాసనం కదలదు అని ఆత్మ చెప్పాడు’ అని ఇంకొకామె. మా ఇంట్లో మా అత్త రోజుకి నాలుగు వీడియోలు చూసి పంపేది. ఫలితాలు వచ్చిన సాయంత్రానికి కొన్ని వీడియోలు మాయం, కొన్నింటికి టైటిలు మారింది, ఒకాయన అయితే ‘సంఘం సరిగ్గా ప్రార్థించలేదు కాబట్టి దేవుడు మనసు మార్చుకున్నాడు’ అని కొత్త వీడియో పెట్టాడు. తప్పు మనదంట! ద్వితీయోపదేశకాండం 18:22 ఏం చెప్తాది? జరక్కపోతే అది యెహోవా చెప్పిన మాట కాదు, వాడికి భయపడొద్దు అని. ఇంత సూటిగా ఉంటే ఒక్క సంఘం అన్నా వాళ్ళని పిలిచి ఏందయ్యా ఇది అని అడిగిందా?

టంగుటూరు_టీచరమ్మ
జూన్ 7, రాత్రి 9:05

కావలి బాబూ, యిర్మీయా 28 చదువు. హనన్యా అని ఒకాయన లేచి రెండేళ్ళల్లో బబులోను కాడి విరిగిపోద్ది, మందిర పాత్రలన్నీ తిరిగొస్తాయి అన్నాడు, అందరి ముందూ. యిర్మీయా ఏమన్నాడనుకుంటున్నావు? ముందు ‘ఆమెన్’ అన్నాడు! యెహోవా అట్టాగే చేయుగాక అన్నాడు. ఆయనకీ అదే కోరిక, తన జనం తిరిగి రావాలనే ఉంది. కోరిక వేరు, దేవుడి మాట వేరు అని ఆయనకి తెలుసు, అంతే. కాడి విరగలా, కొయ్యకాడి పోయి ఇనపకాడి వచ్చింది. మన ఈ ప్రవక్తలకి కోరికే దర్శనంగా కనపడింది. అందరూ మోసగాళ్ళు అనను, కొందరు నిజంగానే నమ్మారు, అయినా వేదిక దిగి ఒక్క మాట చెప్పాల్సిన బాధ్యత ఉండాది గదా.

దాని తర్వాత అధ్యాయమే 29, చెరలో ఉన్నోళ్ళకి ఉత్తరం. ఇళ్ళు కట్టుకోండి, తోటలు ఏసుకోండి, పెళ్ళిళ్ళు చేసుకోండి, మిమ్మల్ని పంపించిన పట్టణం క్షేమం కోరి ప్రార్థన చెయ్యండి, దాని క్షేమంలోనే మీ క్షేమం. ఇది హనన్యా వీడియో అంత వైరల్ అయ్యే మాట కాదు.

ఉలవపాడు_మామిడి
జూన్ 7, రాత్రి 9:40

ప్రవచనం నమ్మి పందెం కాసినోళ్ళ గురించి కూడా రాయండి మేడం 😄 మా సంఘంలో ఒకాయన, పేరు చెప్పను, పొగాకు అమ్మిన డబ్బుల్లో పెద్ద మొత్తమే పెట్టాడు, మెజారిటీ మీద కూడా విడిగా పెట్టాడు. పందెం పాపం గదయ్యా అంటే ‘ఇది పందెం కాదు, విశ్వాసం’ అన్నాడంట. ఇప్పుడు ఇంట్లో ఆమె విశ్వాసం ఏపాటిదో చూస్తా ఉండాడు. మన నెల్లూరు ప్రకాశం జనాలకి పందెం లేకపోతే క్రికెట్టూ రుచించదు ఎలక్షనూ రుచించదు, దానికి మళ్ళీ విశ్వాసం గురించి చెప్పే హెబ్రీ పత్రిక 11వ అధ్యాయం తోడా.

చీమకుర్తి_రాయి
జూన్ 7, రాత్రి 9:44

ఇక్కడ నవ్వకూడదు గానీ నవ్వొచ్చింది అన్నా.

గుండ్లకమ్మ_ఒడ్డు
జూన్ 8, ఉదయం 5:55

నాది మద్దిపాడు మండలం, వెల్లంపల్లి దగ్గిర. ఇప్పుడు వెల్లంపల్లి అంటే అందరికీ పొగాకు వేలం కేంద్రం గుర్తొస్తది గానీ 1878 జూలై 3న అక్కడ గుండ్లకమ్మలో ఒక్క రోజే 2222 మందికి బాప్తిస్మం అయింది. ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరగారి కాలం. ఈ అంకె మన చర్చిల్లో అందరికీ నోటికొచ్చు. దాని ముందు సంవత్సరం సంగతి మాత్రం ఎవరూ చెప్పరు, నాకైతే ఈ చర్చకి అదే కావాల్సింది అనిపిస్తా ఉంది.

1876 నుంచి 78 దాకా పెద్ద కరువు, ధాత కరువు అని మా తాతలు అనేవాళ్ళు. క్లౌ దొర బకింగ్‌హాం కాలవ పనిలో మూడున్నర మైళ్ళు కాంట్రాక్టు తీసుకుని వేల మందికి కూలి పని ఇప్పించాడు. ఆ తవ్వకం దగ్గిర బోధకులు రోజూ సువార్త చెప్తానే ఉన్నారు. జనాలు బాప్తిస్మం ఇయ్యండి ఇయ్యండి అని అడిగారు. ఇయ్యలా! ఏడాదికి పైగా ఒక్కరికి కూడా ఇయ్యలా. ఎందుకంటే కూలి డబ్బుల కోసమో గంజి కోసమో వస్తున్నారేమో అని. సాయం అంతా అయిపోవస్తుండగా, ఇంక మా దగ్గిర ఇచ్చేదేం లేదు అని చెప్పినాక కూడా జనం పోకుండా ఒంగోలు చుట్టూ చేరితే అప్పుడు నీళ్ళల్లోకి దిగారు.

అంటే ఆకలి తీర్చాల్సింది తీర్చారు, కాలవ తవ్వించాల్సింది తవ్వించారు, కానీ అదీ విశ్వాసమూ ఒకటే అని ఎవరూ పొరపాటు పడకుండా మధ్యన గట్టు ఏశారు. మనం ఆ గట్టు తెంచాం. ప్రభుత్వం ఏం ఇచ్చిందో దాన్ని సాక్ష్యంలో చెప్తుండాం, మందిరం రంగులు పార్టీ రంగులకి దగ్గిరగా ఏస్తుండాం, అందుకే ఓట్ల పెట్టె తెరవగానే విశ్వాసం కొట్టుకుపోయినట్టు అనిపిస్తా ఉంది.

కోవూరు_వరిచేను
జూన్ 8, ఉదయం 6:20

దండం అన్నా. ఇది మా సంఘంలో చదివి వినిపిస్తా.

పొదిలి_నర్సమ్మ
జూన్ 8, ఉదయం 7:10

గుండ్లకమ్మ అన్నా బాగా చెప్పావు, ఒక్క మాట మాత్రం ఒప్పుకోను. గట్టు ఏశాడు సరే, కానీ కాలవ తవ్వించడం ఆపలా గదా ఆయన? రేపు ఎవురన్నా ఈ కథ చెప్పి ‘చూశారా, సంఘం రాజకీయం జోలికి పోకూడదు’ అంటే నేను లేచి నిలబడతా. కాలవ కాంట్రాక్టు కోసం ఆయన తెల్లదొరల ఆఫీసుల చుట్టూ తిరిగుంటాడు, అది రాజకీయం కాకుండా ఏంది.

గుండ్లకమ్మ_ఒడ్డు
జూన్ 8, ఉదయం 7:31

ఒప్పుకున్నా చెల్లెమ్మా. తిరగాల్సిందే. తిరిగినోడు తెల్లారి వచ్చి ఆ ఆఫీసర్ని రక్షకుడు అనకపోతే చాలు.

కొండపి_పాస్టరమ్మ
జూన్ 8, మధ్యాహ్నం 3:15

పిల్లలూ, అందరి మాటలూ చదివాను. మాది చిన్న సంఘం. అయ్యగారికి ప్రభుత్వం పాస్టర్లకిచ్చే గౌరవ వేతనం నెలకి 5000 వచ్చేది, దాచుకోను. అది వచ్చినప్పుడు మా ఇంట్లో గ్యాసు, పిల్ల కాలేజీ బస్సు ఫీజు నడిచింది. తీసుకున్నందుకు సిగ్గుపడను. ప్రభుత్వం ఇచ్చింది ప్రజల డబ్బు, ఇచ్చినోళ్ళకి కృతజ్ఞత చెప్పాము. కానీ అది మొదలైన దగ్గర్నుంచి జనం మమ్మల్ని ఫలానా పార్టీ పాస్టరు అనడం మొదలుపెట్టారు, అయ్యగారు ఎప్పుడూ ఒక్క మాట కూడా ఎవరికీ వెయ్యమని చెప్పలేదు. అది మాకు కొంచెం భారంగానే ఉండేది. ఇప్పుడు అది ఉంటుందో పోతుందో అని ఇంట్లో చర్చ, ప్రార్థన, దిగులు అన్నీ ఉన్నాయి. మనుషులం కదా.

రేపు 9వ తేదీ ఆరాధన సంగతి. నిన్న సంఘ పెద్దలు కూర్చున్నారు. ఒకాయన ఫలితాల గురించి అసలు ఎత్తొద్దు అన్నాడు. ఇంకొకాయన దుఃఖ ఆరాధన పెడదాం అన్నాడు, నల్ల బ్యాడ్జీలు కూడా అన్నాడు. అయ్యగారు ఒకటే అన్నారు. మొదటి తిమోతి 2లో రాజుల కోసం, అధికారుల కోసం విజ్ఞాపనలు చెయ్యమని ఉంది, గెలిచిన వాడు మనకి నచ్చితే చెయ్యండి అని లేదు. పౌలు రాసినప్పుడు రోములో ఉన్నది నీరో. కాబట్టి గెలిచిన ఎమ్మెల్యే కోసం, కొత్త ముఖ్యమంత్రి కోసం ప్రార్థన ఉంటుంది, ఓడిన అభ్యర్థి కోసం, ఆయన ఇంట్లో వాళ్ళ కోసం కూడా ఉంటుంది, రెండూ ఒకే ప్రార్థనలో. బ్యాడ్జీల పెద్దాయన లేచి వెళ్ళిపోయాడు. రాత్రి నేను కూర పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను, ఆయన మాట్లాడలేదు, ఆమె మాట్లాడింది. చూద్దాం.

బాధ ఉన్న వాళ్ళకి ఒకటే చెప్తాను. ఓడిపోయిన పార్టీ కార్యకర్త పిల్లలు కొంతమంది భయపడుతున్నారు ఊళ్ళల్లో, గొడవలు అవుతాయేమో అని. వాళ్ళ దగ్గర కూర్చోవడం సంఘం పని. అట్లాగే 2019లో భయపడిన ఇళ్ళు ఎవరివో అవీ మీకు తెలుసు, అప్పుడు మనం ఎవరి దగ్గర కూర్చున్నాం అనేది కూడా తలుచుకోవాలి.

కావలి_కెరటం
జూన్ 8, సాయంత్రం 4:02

పాస్టరమ్మగారూ వందనాలు. ఒక సందేహం. ఎమ్మెల్యే పేరు పెట్టి ప్రార్థన చేస్తే రేపు ఆయనే చర్చికి వచ్చి శాలువా కప్పించుకుని స్టేజీ ఎక్కి మైకు పట్టుకుంటాడు. మళ్ళీ అదే భజన, రంగు మారుద్ది అంతే. నన్నడిగితే పేర్లు అసలు వద్దు, ‘అధికారుల కోసం’ అంటే చాలు.

కొండపి_పాస్టరమ్మ
జూన్ 8, సాయంత్రం 4:20

వచ్చి బెంచీలో కూర్చుని వాక్యం వింటే సంతోషం నాయనా. మైకు మాత్రం ఇవ్వం. ఇంతకుముందు ఎవరికైనా ఇచ్చి ఉంటే అది అప్పుడే ఆపి ఉండాల్సింది. పేరు పెట్టడం ఎందుకంటే, పేరు పెట్టి ప్రార్థన చేసిన మనిషిని వారం అంతా తిట్టడం కష్టం, ప్రయత్నించి చూడు.

దర్గామిట్ట_అడ్వకేట్
జూన్ 8, సాయంత్రం 4:33

మైకు విషయంలో చట్టం కూడా పాస్టరమ్మగారి వైపే ఉంది.

కందుకూరు_కుర్రోడు
జూన్ 8, రాత్రి 9:18

అందరికీ చానా థ్యాంక్స్. నిజంగా ఇన్ని మాటలు వస్తాయనుకోలా. సమూయేలు సంగతి చదివినాక కొంచెం ఊపిరి ఆడింది. ఇయ్యాల సాయంత్రం మా మేనమామ వాళ్ళింటికి పోయా, రిజల్ట్ వచ్చినకాడ్నించి పోలా. ఆయన టీవీ కట్టేశాడు నన్ను చూసి. నేనే అన్నా, పెట్టుకో మామా, వార్తలే గదా అని. ఇద్దరం చూశాం. ఆయనేమీ దెప్పలా, మా అత్త బజ్జీలు ఏసింది. ఇంకా బాధ పోలా, దేవుడు ఎందుకిట్టా చేశాడు అనేది కూడా తేలలా నాకు. 146వ కీర్తనలో ‘రాజులచేతనైనను నరులచేతనైనను రక్షణ కలుగదు’ అని చిన్నప్పటి నుంచి కంఠతా పెట్టా, ఎప్పుడూ అది వేరే పార్టీ గురించే అనుకుంటా చదివినట్టున్నా. రేపు యవ్వనస్తుల కూడికలో యిర్మీయా 29 చదువుదాం అనుకుంటుండా. పందెం కాసినోళ్ళు మా దాంట్లో కూడా ఇద్దరుండారు, వాళ్ళతో విడిగా మాట్లాడాల.

పొదిలి_నర్సమ్మ
జూన్ 8, రాత్రి 9:50

పట్టణం క్షేమం అంటుండావు గదా తమ్ముడూ, మీ పట్టణంలో ఏ పని పెండింగులో ఉందో కూడా అడుగు పిల్లల్ని. మా దగ్గిర సమాధుల తోట స్థలం. వర్షాకాలం వస్తే మోకాళ్ళ లోతు నీళ్ళు, పక్క రైతు గట్టు జరుపుకుంటా వస్తుండాడు. పాత ఎమ్మెల్యేకి అర్జీ ఇచ్చాం, మనోళ్ళే గదా అని ఎవరూ గట్టిగా అడగలా, అయిదేళ్ళు అట్టానే పోయింది. ఇప్పుడు మనోళ్ళు కాదు కాబట్టి అన్నా గట్టిగా అడుగుతామేమో అని నా ఆశ.

ఉలవపాడు_మామిడి
జూన్ 8, రాత్రి 9:58

అబ్బ, ఏం మాటన్నావు అక్కా. మనోళ్ళు అనుకున్నప్పుడు అడగడానికి మొహమాటం, అవతలోళ్ళు అనుకున్నప్పుడు అడగడానికి భయం. సర్వే చేయించారా? ముందు సర్వేయర్ దగ్గిర కొలతలు తీయించండి, అడంగల్‌లో (ఊరి భూముల రికార్డులో) అది శ్మశానం పోరంబోకు అని ఉందో లేదో చూడండి, లేకపోతే ఎవురి దగ్గిరికి పోయినా తిప్పుతారు.

దర్గామిట్ట_అడ్వకేట్
జూన్ 8, రాత్రి 10:10

కరెక్టు. అడంగల్ కాపీ, ఎఫ్ఎంబీ పటం (పొలం కొలతల పటం) రెండూ తీసి పెట్టండి. అర్జీ సంఘం లెటర్‌హెడ్ మీద వద్దు, ఊరి వాళ్ళ పేరున రాయండి, అవతలి వాళ్ళకి కూడా అక్కడ శ్మశానం ఉంటే వాళ్ళ సంతకాలూ పెట్టించండి. డ్రాఫ్టు నేను రాసి ఇస్తా, ఫీజు లేదు.

కోవూరు_వరిచేను
జూన్ 8, రాత్రి 10:14

పొదిలి వైపు కొత్తగా గెలిచినోళ్ళ మనుషులు కొంతమంది నాకు తెలుసు చెల్లెమ్మా. సిఫార్సు కాదు, ఆఫీసులో ఎవుర్ని కలవాలో కనుక్కుని చెప్తా. మెసేజి పెట్టు.

పొదిలి_నర్సమ్మ
జూన్ 8, రాత్రి 10:21

పెట్టా అన్నా. సోమవారం తహసీల్దారు ఆఫీసులో అర్జీలు తీసుకునే గ్రీవెన్సుకి పోదాం అనుకుంటున్నాం, కొత్త ప్రభుత్వం ఇంకా ప్రమాణం చెయ్యలా, 12న అంట, తీసుకుంటారో లేదో.

దర్గామిట్ట_అడ్వకేట్
జూన్ 8, రాత్రి 10:25

తహసీల్దారు ఆఫీసు ఏ ప్రభుత్వం కోసమూ ఆగదు, తీసుకుంటారు. రెండు కాపీలు పట్టుకపోండి, ఒకదాని మీద సీలూ తేదీ ఏయించుకోకుండా రాబాకండి. ఆధార్ జిరాక్సులు కూడా.